ఇరవై ఐదు భద్రమ్మకు, పదకొండు అమెరికాకు

లింగ్యాతోని చాయ తాగుదామని కూసుంటె రెండో గుక్క దిగకముందే ఆ ముచ్చట వస్తది. "ఆ భద్రమ్మ యాడి అడ్డం పడకుంటె నేను అమెరికా ప్రెసిడెంటును ఫోటో కొట్టేటోన్ని సారూ" అంటడు. ఇరవై రెండేండ్లు విన్న నేను. మానుకోట బస్టాండుల విన్న, జనగామ స్టేషన్ల విన్న, భూపాలపల్లి బొగ్గుబాయి గేటు ముంగట వానల తడుసుకుంట గూడ విన్న. మా ఇంటామె రాధకైతె ఈ కథ నాకన్న మంచిగ నోటికొస్తది. ఆయన మొదలుపెట్టంగనే ఆమె వంటింట్లకెల్లి మిగిలింది పూర్తి చేస్తది.

మహబూబాబాదును మేం మానుకోట అనే అంటం. అక్కడ నేను ముప్పై ఏండ్లు పేపరు విలేకరిగ చేసిన. నా పేరు విద్యాసాగర్. మనిషి మంచోడే గని కోపం ముక్కు మీద ఉంటదని పేరు, ఆ పేరు పెట్టినోళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. నేను రాస్తె లింగ్యా ఫోటో తీస్తుండె. చిల్పూర్ గుట్ట మీద జాతరయితె ఆయనే, పెద్దవంగరల వడగండ్లు పడితె ఆయనే. పాత మోపెడు మీద నన్ను ఎనక ఎక్కిచ్చుకొని తిప్పని ఊరు లేదు. ఎత్తు వచ్చిన కాడల్లా నన్ను దింపి నడిపిచ్చిండు, అదొక్కటి మర్చిపోను.

జాటోతు లింగ్యాది పెద్దవంగర దిక్కు ఒక తండా. ఇంట్ల లంబాడీ భాష, బయట తెలుగు, కోపమొస్తె రెండూ కలుపుతడు. యాడి అంటె వాళ్ల భాషల అమ్మ. ఇరవై రెండేండ్ల వయసుల ఏదో నౌకరికి దరఖాస్తు పెట్టనీకె మానుకోటల దానియేలు స్టూడియోకు ఫోటో దిగుతందుకు వచ్చిండు. జర ఆగుమంటె ఆగకుంట డార్క్‌రూంల తొంగి చూసిండట. గిన్నెల నీళ్లు, నీళ్లల్ల తెల్లకాయితం, ఆ కాయితం మీద తన మొకమే మెల్లగ లేస్తున్నది. ఇగ దరఖాస్తు ఏడ పెట్టిండో ఆయనకే యాది లేదు. నౌకరి రాలేదు గని మనిషి మాత్రం ఆ స్టూడియోలనే ఉండిపోయిండు.

దానియేలు సంగతి చెప్పకుంటె లింగ్యా సంగతి సగమే. ఆయన చిన్నతనంల వాళ్ల ఊరి హోటల్ల ఆయనోళ్లకు చాయ గ్లాసు వేరే ఉండేదట. తాగి, కడిగి, బయటి చూరుల బోర్లిచ్చి పోవాలె. ఆ మాట ఎన్నడూ ఏడుసుకుంట చెప్పలేదు, వేరే ఎవరిదో ముచ్చట లెక్క చెప్పేటోడు. డార్క్‌రూం తలుపుకు లోపటి దిక్కు ఏవో పాత ఇంగ్లీషు పత్రికల కాయితాలు రెండు అతికిచ్చుకున్నడు. మీది కాయితంల నల్లజాతి మనుషులు రోడ్డు మీద నిలవడ్డరు, పోలీసోళ్లు వాళ్ల మీదికి కుక్కలను వదిలిండ్రు, నీళ్ల పైపులు పట్టి కొడుతున్నరు. కింది కాయితంల అమెరికా ప్రెసిడెంటు బల్లకాడ కూసోని, వాళ్ల హక్కుల చట్టం మీద సంతకం పెడుతుండు. ఒక్క సంతకానికి డజన్లకొద్ది కలాలు వాడి, అక్కడున్నోళ్లకు తలా ఒకటి ఇచ్చిండని దానియేలు మురిసిపోయి చెప్పేటోడు.

లింగ్యా కండ్లు ఎప్పుడూ కింది ఫోటో మీదనే. సూటు, బల్ల, ఎనక నిలవడ్డ పెద్దమనుషులు, కలం మీద పడ్డ వెలుగు, అన్నీ చూసి గుటకలు మింగేటోడు. దానియేలు నవ్వి మీది ఫోటో మీద వేలు పెట్టేటోడు. "గిది లేకుంటె గది లేదురా లింగ్యా. బల్లకాడికి పొయ్యే తొవ్వ రోడ్డు మీదికెల్లే పోతది" అనేటోడు. లింగ్యా తల ఊపి మల్ల కిందిదే చూసేటోడు. చెవిటోని ముంగట శంఖం ఊదినట్టే అయితుండె.

రీలంటె లింగ్యాకు పాణం. ముప్పై ఆరు ఫోటోల రీలును మూడు వారాలు నడిపేటోడు. పెండ్లిండ్లల్ల చుట్టాలు మీద పడి మమ్మల్ని తియ్యి మమ్మల్ని తియ్యి అంటె, ఉత్త ఫ్లాష్ కొట్టి వాళ్లను సంతోషపెట్టి పంపేటోడు. వెలుగు పడుతది, ఫోటో పడది. అప్పట్ల ఫోటోగ్రాఫర్లందరు చేసేదే గని, మనోడు అందుల ఆరితేరిండు. మా మేనకోడలు పెండ్లిల నేను పట్టుచొక్క తొడుక్కొని, కడుపు లోపటికి గుంజుకొని ఆరుసార్లు నిలవడ్డ. ఆల్బం వచ్చినంక చూస్తె నా మోచేయి ఒక్కటే ఉన్నది.

ఇగ అసలు కథ. రెండువేల సంవత్సరం, మార్చి నెల. ఇరవై నాలుగో తారీకు అమెరికా ప్రెసిడెంటు హైదరాబాదుకు వస్తుండని రాష్ట్రమంత ఒకటే లొల్లి. లింగ్యాకు నిద్ర పట్టలేదు. పాసు లేదు, ఎవ్వలూ పొమ్మనలేదు, మా పేపరోళ్లకు హైదరాబాదుల వాళ్ల ఫోటోగ్రాఫర్లు వాళ్లకున్నరు. అయినా పోయి, ఒక్క ఫోటో కొట్టి, దానియేలు తలుపు మీద ఆ కింది కాయితం పక్కన అతికియ్యాలె, గదీ ఆయన పట్టు. కొత్త రీలు ఎక్కిచ్చుకొని బండికి తయారైండు.

ఆ ముందటి రోజే కొత్తగూడ అడవి దిక్కునుంచి నాకు కబురొచ్చింది. అక్కడ తండావాళ్లు అడవి అంచున పోడు చేసుకుంటరు, అంటె పొదలు కొట్టి చదును చేసి, కాయితం లేకున్నా తరాల సంది దున్నుకునే భూములన్నట్టు. ఆ చెలకలల్ల మొక్కలు నాటుతందుకు ఫారెస్టోళ్లు గుంతలు తవ్వ వస్తె ఆడోళ్లు అడ్డం కూసున్నరట. నేను లింగ్యా చెయ్యి పట్టుకున్న. "ఐదే ఐదు ఫోటోలు. సాయంత్రం బండికి నేనే ఎక్కిస్త" అన్న. ఆయన ఇష్టం లేని పెండ్లికి పోయినట్టు మొకం పెట్టి మోపెడు తీసిండు.

గుగులోతు భద్రమ్మను అక్కడ మొదటిసారి చూసిన. నలభై ఏండ్లుంటయి, చేతులనిండ తెల్లగాజులు, రైక నిండ అద్దాలు. ఎండకు ఆ అద్దాలు మెరిసి కెమెరా కన్నుల కొడుతున్నయని లింగ్యా కుడికి జరిగి, ఎడమకు జరిగి, మోకాళ్ల మీద కూసోని, గుంపుగ కూసున్న ఆడోళ్లను ఐదు కొట్టిండు. అయిపాయె అని మూత పెట్టబోతె భద్రమ్మ లేసి కెమెరా పట్టీ పట్టుకున్నది. మమ్మల్ని తీసినవు, భూమిని తియ్యలేదని అడ్డం తిరిగింది. నేను మధ్యల పోయి, అవ్వా, గుంపు ఫోటో చాలు, పేపర్ల గంతే పడుతదని సముదాయిచ్చిన. ఆమె నా దిక్కు గూడ చూడలేదు.

"హద్దు తొక్కనోడు సాచ్చెం ఎట్ల జెప్తడు?" అన్నది లింగ్యాతోని.

వాళ్ల తండాల అదొక కట్టు. ఎవరి భూమికైనా సాచ్చెం ఉండాలంటె ఆ మనిషి నాలుగు హద్దులు తన కాళ్లతోని తొక్కాలె, తొక్కినంక ఆ భూమి మీదనే కూసోని బువ్వ తినాలె. గప్పుడే ఆ మాటకు విలువ. భద్రమ్మకు కెమెరా గూడ ఒక మనిషే. అది చూసింది గావట్టి సాచ్చెం చెప్పాలె, చెప్పాలంటె హద్దు తొక్కాలె. అంతేగాదు, ఆమె ఎద్దు మోతీ గూడ ప్రతి హద్దుకాడ పక్కన ఉండాలెనట. దున్నింది ఎవరు, మోతీ గాదా అన్నది.

తూర్పున కూసున్న బర్రె లెక్క ఒక నల్లబండ. దక్షిణాన జంట ఇప్పచెట్లు. పడమర వాగు. ఉత్తరాన పక్క చెలక లచ్చిది, ఆ గట్టు. ఒక్కొక్క కాడ భద్రమ్మ నిలవడుతది, మోతీ నిలవడది. సరిగ్గ మీట నొక్కే టైముకు అది తోక తిప్పె, ఎనక్కి మళ్లె. ఇంకోటి కొట్టు, దాని మొకం రావాలె అంటది ఆమె. నాకు ఒకదిక్కు నవ్వు, ఒకదిక్కు బండి టైమయితుందని పరేషాను. లింగ్యా చెవుల మెల్లగ చెప్పిన, పెండ్లిల కొట్టినట్టు ఉత్తగ కొట్టు, ఆమెకేం తెలుస్తదని.

మా మేనకోడలు పెండ్లిల నన్ను ఆరుసార్లు మోసం చేసిన మనిషి, ఆ చెలకల నా దిక్కు కోపంగ చూసిండు. "హద్దుకాడ అబద్ధం ఆడద్దు సారూ" అన్నడు. అని, ఒక్కొక్కటి నిజంగనే కొట్టిండు. నాలుగు హద్దులు, నాలుగు మూలలు, బండ, వాగు, మోతీ మొకం, మోతీ వీపు. ఇప్పచెట్టు కింద జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ కారం పెట్టింది. తిని లేసి చూసుకుంటె రీల్ల ఇరవై ఐదు అయిపోయినయి. మిగిలినయి పదకొండు.

ఆ పదకొండుతోని హైదరాబాదు పోయిండు మనోడు. తెల్లారి రోడ్డు మీద తాళ్లు కట్టిండ్రు, ఇసుకేస్తె రాలనంత మంది, దుకాణాలు బందు. ఇంకో రీలు కొందామన్నా దొరకలేదు. ముందుగాల ఒక స్వాగత తోరణం కనబడ్డది, దాని మీద ప్రెసిడెంటు మొకం ఇంటంత పెద్దగ, కింద తారీకుతోని సహా రాసి ఉన్నది. చేతులు ఆగక అదొకటి కొట్టిండు. పోలీసు గుర్రాలను కొట్టిండు, తాళ్లను కొట్టిండు. ఆఖరికి మొదటి నల్లకారు కనబడంగనే ముప్పై ఆరోది గూడ కొట్టిండు. దాని ఎనక అసొంటివే ఇంకా ఎన్నో నల్లకార్లు వచ్చినయి. అందుల ఒకదాని అద్దం దిగిందట, తెల్లటి చెయ్యి ఒకటి బయటికొచ్చి ఊపిందట. మనోడు మీట నొక్కితె కెమెరా కదలలేదు. ఆ చెయ్యి ఎవరిదో, అసలు చెయ్యి వచ్చిందో లేదో దేవునికే ఎరుక.

తిరిగొచ్చినంక ఆ రీలును తీసి బాయిల పారేస్తనన్నడు. దానియేలు గుంజుకొని కడిగి, ఎలుగుకు పట్టి చూసి, కడుపుబ్బ నవ్విండు. మా లింగ్యా ప్రెసిడెంటును కాదురా, ప్రెసిడెంటు బొమ్మను తీసుకొచ్చిండని బజారంత చెప్పిండు. నేను తక్కువ తిన్ననా, నాలుగు నెలలు ఆయనను బొమ్మ ప్రెసిడెంటు అనే పిలిచిన. నవ్వుడు అయినంక దానియేలు మాత్రం ఒక మాటన్నడు. ఇందుల మంచి ఫోటోలు ఇరవై ఐదు ఉన్నయి, రీలును ముక్కలు కొయ్యకు, చుట్టి డబ్బాల పెట్టు అన్నడు. వేరేటోళ్లు రీలును ఆరారుగ కోసి పెట్టుకుంటరు. దానియేలు శిష్యులు కొయ్యరు. అది ఆ స్టూడియో పద్ధతి.

మరి కొత్తగూడ వార్త ఏమైంది అంటరేమో. రాసిన. బ్రహ్మాండంగ రాసిన. పేజీలన్నీ అమెరికా ప్రెసిడెంటుతోనే నిండినయి, ఆయన ఏం తిన్నడు, ఏడ నిలవడ్డడు అదే. ఎద్దు పుండు కాకికి ముద్దా. నా వార్త ఆ రోజు పడలేదు, తెల్లారి పడలేదు, ఎన్నడూ పడలేదు. వారానికి భద్రమ్మ బస్సెక్కి మానుకోటకు వచ్చింది, ఫోటో పడ్డ పేపరు ఇయ్యమని. రేపు వస్తదన్న. ఆమె నమ్మి పోయింది. నేనైతె ఆ రాత్రి బువ్వ తినలేదు, ఇది ఇంతవరకు లింగ్యాకు గూడ చెప్పలేదు.

దినాలు గడిచినయి. దానియేలు పోయిండు, స్టూడియో పోయింది, రీళ్లు పోయినయి. నేను పని ఇడిసిపెట్టి జనగామల ఇల్లు కట్టుకున్న. లింగ్యా మానుకోటలనే ఉన్నడు, పెద్ద కెమెరాలు పట్టుకున్న కొత్త పిలగాండ్లకు సలహాలు చెప్పుకుంట. వాళ్లు వినరు, ఆయన ఆపడు.

మొన్న పోడు భూములకు పట్టాలిస్తమని దరఖాస్తులు తీసుకున్న కాలంల, ఒకనాడు మా గేటుకాడ ఒక ముసలవ్వ, పక్కన కాలేజీ పిల్ల నిలవడ్డరు. చేతులనిండ తెల్లగాజులు చూసి గుర్తుపట్టిన. భద్రమ్మ నన్ను పైకెల్లి కింది దాంక చూసి, నమస్తే గూడ చెప్పకుంట ఒక్కటే అడిగింది.

"రేపు వస్తదన్నవు. వచ్చిందా?"

కోపిష్టి అని పేరున్న నేను తల వంచుకొని గేటు తీసిన. ఆ పిల్ల ఆమె మనుమరాలు, సుమన. సంగతి ఆ పిల్లనే చెప్పింది. రెండువేల ఐదు డిసెంబరుకు ముందునుంచి దున్నుతున్నట్టు రుజువు కావాలె. ఊర్ల సాచ్చెం చెప్పే ముసలోళ్లు ఒక్కొక్కరే పోయిండ్రు. పై నుంచి ఉపగ్రహం తీసిన పాత ఫోటోలల్ల చూస్తె చెట్లే కనబడుతున్నయట, ఎందుకంటె భద్రమ్మ ఇప్పచెట్టు కొట్టదు, కొడితె పాపమంటది. రుజువు లేదని ఫైలు ఎనక్కొచ్చింది. ఇంకోసారి కమిటీ ముంగటికి పోనీకె ఇరవై రోజుల టైముంది. గప్పుడు ఫైలు ఆగితె ఇగ ఆ మూడెకరాలు లేనట్టే. మా ఇంట్ల పన్నెండెకరాల కాయితాలు బీరువల పడి ఉంటయి, మా తాత తరం సంది ఎవ్వడూ రుజువు చూపెట్టుమని అడగలేదు. ఆ ముసలమ్మను కూసోమనుటానికి గూడ నాకు సిగ్గయింది. రాధ వచ్చి కూసోబెట్టింది.

పేపరు కాయితం లేదు, పడితె గదా ఉండేది. లింగ్యాకు ఫోను కొట్టిన. భద్రమ్మ వచ్చిందని చెప్పిన. ఆ యాడి నాది ఇంకో ప్రెసిడెంటు ఫోటో చెడగొట్టనీకె వచ్చిందా అన్నడు. రీలుందా అని అడిగిన. నాకేం తెలుసు, కమలాబాయిని అడగాలె అన్నడు.

కమలాబాయి లింగ్యా ఇంటామె. ఆమె లేకుంటె ఈ కథ గూడ లేదు. రీళ్ల డబ్బాలన్నీ ఒక పెద్ద బిస్కట్ల డబ్బాల పెట్టి, చెమ్మ పట్టకుంట ఒక గుడ్డల పిడికెడు బియ్యం మూటగట్టి అందుల వేసి పెడుతదట. ప్రతి ఏడు వానకాలం రాంగనే పాత బియ్యం పారబోసి కొత్తయి పోస్తది. పాత రీళ్లు కొంటమని తిరిగేటోళ్లు ఎన్నోసార్లు ఇంటికొచ్చిండ్రు. మా ఆయన కండ్లు అమ్మనని ఎల్లగొట్టింది. లింగ్యాకు ఈ సంగతి మేం పోయిననాడే తెలిసింది. ఇరవై ఏండ్లు భార్య మీద పడి నా రీళ్లు ఏడ పారేసినవో అని ఒర్రుతుండె, ఆ రోజు నోరు మూసుకొని గోడకు ఒరిగిండు. నేను సంతోషపడ్డ, ఎందుకు అబద్ధం చెప్పాలె.

రీలు విప్పితె మనిషంత పొడుగుంది. మచ్చ పడలేదు, అంటుకుపోలేదు. మానుకోట మొత్తంల దాన్ని కాయితం మీదికి ఎక్కిచ్చి ఫోటో చేసే మనిషి ఇప్పుడు లేడు. సుమన ఏం చేసిందంటె, ఒక ఫోనుల తెల్లటి వెలుగు పెట్టి దాని మీద రీలు పరిచి, ఇంకో ఫోనుతోని ఫోటో తీసి, నలుపును తెలుపుగ తిప్పింది. ఒక్కొక్కటే లేచినయి. గుంపుల ఆడోళ్లు, నల్లబండ, వాగు, నలభై ఏండ్ల భద్రమ్మ, రైక మీద అద్దాల మెరుపు. మోతీ మొకం రాంగనే ముసలామె ఫోను గుంజుకున్నది. దాన్ని ఏమేమో పేర్లు పెట్టి పిలిచింది వాళ్ల భాషల, నవ్వుకుంట, ముక్కు తుడుసుకుంట. లింగ్యా గూడ వంగి చూసిండు. ఇరవై రెండేండ్లల్ల ఆ ఇరవై ఐదు ఫోటోలు ఆయన ఒక్కసారి గూడ సరిగ చూడలేదని నాకు గప్పుడు అర్థమయింది.

కమిటీ కూసున్న రోజు మేం నలుగురం పోయినం. కుర్చీల ఉన్న పెద్దసారు మంచిగనే మాట్లాడిండు. ఫోటోలు చూసిండు, భూమి అదే కావొచ్చు అన్నడు, గని ఇవి ఎప్పుడు తీసినయో ఏం తెలుసు, రెండువేల పదిల తీసి ఉండొచ్చు గదా అన్నడు. న్యాయమైన ప్రశ్నే. భద్రమ్మ ఎవరి మొకం చూడకుంట గాజులు తిప్పుకుంట కూసున్నది.

లింగ్యా లేసి నిలవడ్డడు. డబ్బాలకెల్లి రీలు తీసి, ఒక కొస సుమనకిచ్చి, ఇంకో కొస పెద్దసారు చేతులనే పెట్టిండు. కిటికీ ఎలుగుకు అడ్డంగ పట్టుకొమ్మన్నడు. ఆ సారు ఏమనుకున్నడో గని లేసి పట్టుకున్నడు. లింగ్యా ఒకటో నంబరుకాడ వేలు పెట్టి నడుసుకుంట వచ్చిండు. ఈ అంకెలు కంపెనీ వేసినయి, నేను వేసినయి గావు సారూ అన్నడు. ఇరవై ఐదు దాంక భద్రమ్మ, మోతీ. ఇరవై ఆరుకాడ వేలు ఆపిండు. తోరణం. అమెరికా ప్రెసిడెంటు మొకం. దాని కింద తారీకు.

"రీలు ముందటికే తిరుగుతది సారూ, ఎనక్కి తిరగది. ఆయన హైదరాబాదుకు రాకముందే ఈమె ఈ భూమి దున్నుతున్నది. నన్ను నమ్మకుండ్రి. ఆయనను నమ్ముండ్రి" అన్నడు.

సారు కండ్లద్దాలు తీసి తుడుసుకొని మల్ల చూసిండు. పక్కనున్నోళ్లను పిలిచి చూపెట్టిండు. ఒకాయన అది బొమ్మ గదా అన్నడు. బొమ్మయినా తారీకు అదే గదా అన్నడు పెద్దసారు, అని నవ్విండు. నవ్వినంక గూడ ఊరుకోలేదు, భూమి మీదికి వచ్చి చూస్తనన్నడు. అదీ న్యాయమే.

వచ్చిండు. భద్రమ్మ ఆయనను ఊకె చూడనిస్తదా. నాలుగు హద్దులు తొక్కిచ్చింది. బర్రె తీరు బండ అక్కడనే కూసోని ఉంది, వాగు ఉంది, జంట ఇప్పచెట్లు ఇంకా లావైనయి, లచ్చి గట్టు ఉంది. మోతీ లేదు గని దాని మెడల గంట భద్రమ్మ చేతుల ఉంది, ప్రతి హద్దుకాడ ఒకసారి వాయించింది. సారు బూట్లల్లకు వాగునీళ్లు పోయినయి. ఆయన ఏమనలేదు, ఫోటోలు పట్టుకొని ఒక్కొక్కటి సరిచూసి సంతకం పెట్టిండు. ఒక్క కలంతోనే పెట్టిండు.

ఎండకాలం అయినంక పట్టా పుస్తకం చేతికొచ్చింది. ఆ రోజు వేదిక ముంగట కెమెరాలోళ్లు ఒకల మీద ఒకలు పడి, పుస్తకాలు పంచే పెద్దమనిషి మొకం కోసం కొట్లాడుతున్నరు. లింగ్యాకు ఎవ్వలూ తొవ్వ ఇయ్యలేదు. ఆయన గూడ అడగలేదు. వేదిక దిక్కు వీపు తిప్పి, కింద వరుసగ కూసున్న ఆడోళ్లను ఫోనుతోని తీసుకుంట పోయిండు. దానియేలు ఉంటె ఎంత మురుస్తుండెనో, ఆ మాట నేను అనలేదు, ఆయనకు గర్వం ఎక్కుతదని.

తర్వాతి ఐతారం భద్రమ్మ అందరిని చెలకకు పిలిచింది. సాచ్చెం గెలిచినంక ఇంకోసారి బువ్వ పెట్టాలెనట. కమలాబాయి వచ్చింది, మా రాధ వచ్చింది. ఇప్పచెట్టు కింద వరుసగ మోదుగాకు విస్తర్లు వేసిండ్రు. లెక్కబెడితె ఒకటి ఎక్కువుంది. దాని ముంగట సుమన కాయితం మీద తీయించిన ఇరవై ఆరో ఫోటో, తోరణం మీది అమెరికా ప్రెసిడెంటు, గాలికి ఎగరకుంట మీద మోతీ గంట పెట్టి ఉన్నది. భద్రమ్మ అందరికన్న ముందు ఆ విస్తరిలనే రొట్టె వేసి, కూర వేసింది. నేను నవ్వు ఆపుకోలేకపోయిన. ఆయన హద్దు తొక్కలేదు గదా అవ్వా అన్న. తొక్కకున్నా నిజం చెప్పిండు, ఆకలితోని పంపుతమా అన్నది.

లింగ్యా తినకుంట ఆ విస్తరి దిక్కే చూస్తుండు. కొద్దిసేపటికి ఆయన కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఇరవై రెండేండ్లు ఆయన నోటికెల్లి విన్న మాట ఆ రోజు తిరగబడ్డది.

"తప్పైంది యాడీ. ఆ పదకొండు గూడ నీకే కొడితె అయిపోతుండె. ఉత్తగ పాడు చేసిన" అన్నడు.

భద్రమ్మ ఆయన విస్తరిల ఇంకో రొట్టె వేసింది. "ముప్పై ఆరూ నాకే కొడితె ఎప్పుడు కొట్టినవో ఎవలు చెప్పేటోళ్లు కొడుకా? తిను, సల్లారుతున్నది" అన్నది.

లింగ్యా తిన్నడు. నాలుగు రొట్టెలు తిన్నడు, నేను లెక్కబెట్టిన. అమెరికాయన విస్తరిలది గూడ ఆఖరికి ఆయనే తిన్నడు.